ఆటల ల్యాప్‌టాప్ ఎవరి సొత్తు?

(శరన్నవరాత్రి ఉత్సవాల సందర్భంగా ఆలయ ప్రవచన మండపంలో చేసిన ఉపన్యాస పాఠం)

 

నిన్నటి ప్రవచనం ముగిసిన పిమ్మట ప్రశ్నల పెట్టెలో ఒక చీటీ దొరికినది. వ్రాసినవారు పేరు పెట్టలేదు. "మహర్నవమినాడు పనిముట్లను పూజలో పెట్టుకుంటాము గదా! మా అబ్బాయి కొన్న ఆటల ల్యాప్‌టాప్‌ను కూడా పెట్టవచ్చునా? అది పనిముట్టు అవుతుందా, ఆటవస్తువు అవుతుందా?" అని ప్రశ్న. దాని క్రిందనే వేరొక సిరాతో, వేరొక చేతివ్రాతతో, "పండితులవారి ఇంట్లోనూ అటువంటిది ఒకటి ఉన్నదని విన్నాము" అని మరొక పంక్తి. విన్నది నిజమే. ఉన్నది. అందుచేత ఈ సాయంత్రానికి నిర్ణయించిన విషయాన్ని రేపటికి జరిపి, ఈ చీటీని గురించే మాట్లాడతానని కార్యనిర్వాహకులకు విన్నవించుకున్నాను. వారు ఒక క్షణం నా ముఖం వైపు చూసి, సరే అన్నారు.

ముందు చీటీకి సమాధానం. నిరభ్యంతరంగా పెట్టవచ్చును. రైతు నాగలిని, దర్జీ కుట్టుమిషన్‌ను, డ్రైవరు తన బండిని పూజించుకునే దినమది. ఆ వస్తువుతో ఇంట్లో ఎవరైనా ఒక పని నెరవేర్చుకుంటూ ఉంటే అది ఆయుధమే. ఉపచారాలలో మాత్రం జాగ్రత్త కావాలి. పూర్తిగా ఆపివేసి, ఛార్జరు తీగ తీసివేసి, మూత మూసి పెట్టండి. మూతపైన గంధం ఒక చుక్క, కుంకుమ ఒక చుక్క చాలును. అడుగుభాగాన, వెనుకవైపున గాలి ఆడడానికి సన్నని జాలీలు ఉంటాయి. విభూతి, కుంకుమ, అక్షతలు ఆ జాలీలలో పడితే లోపల తిరిగే ఫ్యాన్లలో చిక్కుకుంటాయి. కలశోదకం దానిపై చల్లవద్దు. సాంబ్రాణి పొగ దగ్గరగా పట్టవద్దు. కొబ్బరికాయ దూరంగా కొట్టండి. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 18 అంగుళాల తెర ఉన్న ఆటల ల్యాప్‌టాప్ వెల లక్షల రూపాయలలో ఉంటుంది. భక్తితో చేసిన అభిషేకాన్ని అది తట్టుకోలేదు.

ఇక ఆ చీటీలో నన్ను ఆపిన మాట వేరొకటి ఉన్నది: "మా అబ్బాయి కొన్న" అన్నారు. కొన్నాడు గనుక అది అతనిది అని మనం అనుకుంటాము. స్వత్వం అంటే ఏమిటి, ఒక వస్తువు "నాది" అనడానికి ఏది కావాలి అనే విచారణ మన ధర్మశాస్త్రంలో చాలా లోతుగా సాగినది. ఈ కొత్త యంత్రం ఇంటికి వచ్చిన తరువాత, చిన్నప్పుడు నేను పాఠం చెప్పుకున్న ఆ విచారణ నాకు మళ్ళీ పనికివచ్చినది. అది ఎట్లా పనికివచ్చినదో చెప్పాలంటే ముందు యంత్రం ఎట్లా వచ్చినదో చెప్పాలి.

గత సంవత్సరం నా డెబ్బయ్యో ఏట భీమరథశాంతి జరిగినది. నా వద్ద చదువుకున్నవారు కొందరు కలిసి, శాలువకు, పూలదండకు బదులు, పనికివచ్చే వస్తువు ఒకటి ఇవ్వాలని సంకల్పించారు. నా ఇబ్బంది వారికి తెలుసు. మా గురువుగారు పరమపదించేముందు ఒక తాళపత్ర ప్రతి నా చేతిలో పెట్టారు. సంస్కృత వ్యాకరణానికి సంబంధించిన వ్యాఖ్యానం, తెలుగు లిపిలో వ్రాసినది, 112 పత్రాలు. చివరి పత్రం శిథిలమైనది గనుక కర్త పేరు లేదు. దానిని శుద్ధప్రతిగా వ్రాసి అచ్చుకు సిద్ధం చేయాలని గురువుగారి ఆజ్ఞ. బోధన చేస్తూ ఉన్న రోజులలో సెలవులలో కొంత కొంత సాగినది. పదవీవిరమణ తరువాత సాగవలసినంత సాగే సమయానికి ఎడమకంటి చూపు నడిమి భాగాన మసక కమ్మినది. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత అని వైద్యులు చెప్పారు. అక్షరం అంచులు కనిపిస్తాయి, అక్షరం కనిపించదు. కుడికన్ను ప్రస్తుతానికి బాగున్నది. అది ఎంతకాలం అట్లా ఉంటుందో చెప్పలేమన్నారు.

శిష్యులలో ఒకరు ఆ పత్రాలన్నింటినీ రెండువైపులా ఛాయాచిత్రాలు తీయించారు. వాటిని చూడడానికి పెద్ద తెర కావాలి. నేను సంవత్సరంలో కొన్ని నెలలు ఊరిలో, కొన్ని నెలలు హైదరాబాదులో పెద్దబ్బాయి దగ్గర ఉంటాను గనుక అది నాతో కదలగలగాలి. ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవడిని సలహా అడిగారు. వాడు క్షణం ఆలోచించకుండా 18 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ పేరు చెప్పాడట. వాడి ఆలోచనలో తాతగారి కన్ను ఎంత, వాడి ఆట ఎంత అని నేను విచారించలేదు. పెద్ద తెర ఉన్న ల్యాప్‌టాప్‌లలో అధికభాగం ఆటల కోసం తయారైనవే అన్నది వాస్తవం. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలావరకు అంతకంటే చిన్న తెర దగ్గరే ఆగిపోతాయి.

ఈ 18 అంగుళాలు అనేది వెడల్పు కాదు, మూల నుండి మూలకు కొలత. నా దాని తెర వెడల్పు సుమారు 39 సెంటీమీటర్లు, ఎత్తు 24. మా ప్రతిలోని తాళపత్రం పొడవు 38 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర. మీరు గమనించారా? ఒక పత్రం తన నిజమైన కొలతతో, కుదించకుండా, తెర నిండుగా పడుతుంది. ఒకదాని క్రింద ఒకటిగా ఆరు పత్రాలు పరచుకోవచ్చును. ఆటకు అడ్డంగా విశాలమైన దృశ్యం కావాలని చేసిన తెర, తాటాకు ఆకారానికి సరిపోయినది. నేటి పుస్తకం నిలువుగా ఉంటుంది, తాళపత్రం అడ్డంగా ఉంటుంది. పుస్తకాన్ని మరచి తయారుచేసిన వస్తువు పుస్తకానికి పూర్వపు వస్తువుకు ఒదిగినది.

పెద్దది చేసి చూసినప్పుడు తెలిసే సంగతులు కొన్ని చెబుతాను. తాళపత్రం మీద అక్షరాన్ని గంటంతో గీస్తారు, ఆ తరువాత మసి పూస్తారు. మసి రాలిపోయినచోట గీత మాత్రం మిగులుతుంది. అది కంటికి ఆనదు. తెరపై వెలుగునీడల తేడా పెంచితే గీత పైకి తేలుతుంది. పురుగు తొలిచిన రంధ్రం అచ్చం సున్నవలె ఉంటుంది. సున్న ఉన్నదీ లేనిదీ అనే దానిపై విభక్తి ఆధారపడి ఉంటుంది. నాలుగు రెట్లు పెంచితే, గంటం గీసిన సున్నకు అంచు ఒక పద్ధతిగా ఉంటుంది, పురుగు చేసిన సున్నకు అంచు చిట్లి ఉంటుంది. 'ద'కు, 'ధ'కు మధ్య ఉన్నది ఒక్క చిన్న గీత. ఆ గీత కోసం నేను పూర్వం భూతద్దం పట్టుకొని కిటికీ దగ్గర అరగంట నిలబడేవాడిని.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. చదువుకోవడానికి మాత్రమే కావలసినవారు ఇంత వెల పెట్టనక్కరలేదు. ఇంట్లో ఒకేచోట కూర్చునేవారైతే, మామూలు కంప్యూటరుకు ఒక పెద్ద మానిటరు తగిలించుకుంటే చాలును, అందులో చిన్న భాగం ఖర్చు. వృద్ధులైన తల్లిదండ్రులకు కొనాలనుకునే దాతలు, పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. నా పనికి పెద్ద తెర, జ్ఞాపకశక్తి ఎక్కువగా ఉండడం ఉపకరిస్తున్నవి. గ్రాఫిక్స్ ప్రాసెసర్ అనే ఖరీదైన భాగం నేను పనిచేసే వేళలో దాదాపు నిద్రపోతూనే ఉంటుంది.

ఆ నిద్రపోయే భాగం ఏమి చేస్తుందో మనవడు నాకు వివరించాడు. నాకు తెలిసిన భాషలోకి మార్చుకొని మీకు చెబుతాను. పాఠశాలలో అధ్యాపకుడు ఒక్కడు కూర్చుని క్లిష్టమైన సూత్రానికి అర్థం విప్పుతాడు. అది మామూలు ప్రాసెసర్ పని. అదే పాఠశాలలో నూరుమంది విద్యార్థులు ఒక్కసారిగా సంథ చెబుతారు. ఒక్కొక్కరూ చేసే పని చిన్నది, అందరూ కలిసి చేస్తారు. అది గ్రాఫిక్స్ ప్రాసెసర్ పని. నా తెరమీద అడ్డంగా 2,560, నిలువుగా 1,600 చుక్కలు ఉన్నవి. అంటే 40 లక్షల 96 వేల చుక్కలు. ప్రతి చుక్కకు రంగు నిర్ణయించాలి. అది కూడా ఒకసారి కాదు. ఈ తెర సెకనుకు 240 పర్యాయాలు చిత్రాన్ని మార్చగలదు. గుణిస్తే సెకనుకు 98 కోట్ల పైచిలుకు.

ఈ లెక్క విన్నప్పుడు నాకు అమరకోశంలోని కాలమానం గుర్తుకు వచ్చినది. అమరసింహుని లెక్కలో 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక అహోరాత్రం. గుణించి చూడండి. రోజుకు 58 లక్షల 32 వేల నిమేషాలు, అంటే సెకనుకు అరవైఏడున్నర. మన ఇళ్ళలోని మామూలు తెరలు సెకనుకు 60 చిత్రాలు చూపుతాయి. అంటే ఇంచుమించు నిమేషానికి ఒకటి! ఈ ఆటల తెర నిమేషానికి మూడున్నర. మనుస్మృతి లెక్క వేరు. అందులో క్షణం అనే మెట్టు లేదు, 30 కలలే ఒక ముహూర్తం. ఆ ప్రకారం నిమేషం దీర్ఘమవుతుంది, సెకనుకు అయిదారు మాత్రమే. నిజంగా రెప్పపాటుకు పట్టే కాలానికి మనువు లెక్కే దగ్గర. అమరసింహుని నిమేషం తెరల తయారీదారులకు దగ్గర. ఇది వినోదానికి చెప్పాను. కదలని తాటాకును చూసేవారికి సెకనుకు 240 చిత్రాలతో పనిలేదు. నేను కూర్చున్నప్పుడు దానిని 60కి తగ్గించుకుంటాను, బ్యాటరీ మిగులుతుంది.

బ్యాటరీ అన్నాను గనుక యాత్రికులకు ఉపయోగపడే సంగతి ఒకటి. విమానంలో వెంట తీసుకువెళ్ళే ల్యాప్‌టాప్ బ్యాటరీకి, ప్రత్యేకానుమతి లేకుండా, 100 వాట్-అవర్ల పరిమితి ఉన్నది. అందుచేత ఎంత పెద్ద ల్యాప్‌టాప్ అయినా బ్యాటరీ ఆ గీత లోపలే ఆగుతుంది. ఆట నిండుగా సాగేటప్పుడు యంత్రం 200 వాట్లకు పైగా కోరుతుంది. 99ని 200తో భాగిస్తే అరగంట కూడా రాదు. కాబట్టి దీనిని ఆడదలచినవారు గోడకు కట్టుబడి ఉండవలసినదే. దాని ఛార్జరు ఇటుకరాయి అంత ఉంటుంది. యంత్రం మూడు కిలోల పైమాట, ఛార్జరు దాదాపు కిలో. నా వ్యాసపీఠంపై ఒకసారి పెడితే పీఠం కిర్రుమన్నది. ఇప్పుడు గట్టి వ్రాతబల్ల చేయించాము. పరుపుమీద, దిండుమీద పెట్టి నడిపితే అడుగున గాలి ఆడక వేడెక్కుతుంది. పిల్లలు పడుకొని ఆడుతూ ఉంటే ఇది చూసుకోండి.

ఇక ఆ నిద్రపోయే భాగం మేలుకొనే వేళను గురించి. శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం మనవడి వంతు. ఫ్యాన్లు హోరుమంటాయి, మా ఇంట్లో పాత టేబుల్ ఫ్యాన్ మూడో నంబరులో తిరిగినట్లు. ఒక ఆదివారం వాడి ప్రక్కన కూర్చున్నాను. తెరపై ఒక వానరుడు చేత దండం ధరించి మంచుకొండలపై నడుస్తున్నాడు. "ఎవరు నాయనా, ఆంజనేయుడా?" అన్నాను. "కాదు తాతగారూ, ఇది చైనా కథ" అన్నాడు. ఆట పేరు బ్లాక్ మిత్: వూకాంగ్. చైనాలోని గేమ్ సైన్స్ అనే సంస్థ 2024 ఆగస్టు 20న విడుదల చేసినది. ఆ ఒక్క ఆటకే యంత్రంలో 130 గిగాబైట్ల చోటు కావాలట. నా 112 తాళపత్రాల చిత్రాలన్నీ కలిపినా అందులో పదోవంతు లేవు.

వాడు కథ చెబుతూ ఉంటే నేను నిటారుగా కూర్చున్నాను. పదహారవ శతాబ్దపు చైనా నవల ఒకటి ఉన్నది, పడమటి యాత్ర అని దాని పేరుకు అర్థం. ఆ నవలలో ఒక బౌద్ధభిక్షువు ధర్మగ్రంథాల కోసం భారతదేశానికి బయలుదేరుతాడు. అతనికి తోడుగా వచ్చేవాడు ఈ వానరుడు. ఆట ఆ నవల ముగిసిన తరువాతి కథ. ఆ భిక్షువు కల్పితుడు కాడు. మనం బడిలో చదువుకున్న హుయాన్ త్సాంగ్! ఏడవ శతాబ్దంలో వచ్చి, మన కృష్ణాతీరంలోని ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి అక్కడి భిక్షువుల వద్ద గ్రంథపాఠం చేసినవాడు. నేటి అమరావతి, ధరణికోట ప్రాంతం అది. తిరిగి వెళ్ళేటప్పుడు 657 గ్రంథాలను ఇరవై గుర్రాలమీద మోయించుకొని పోయాడు. సింధునది దాటేటప్పుడు పడవ ఒరిగి కొన్ని పుస్తకాలు నీటిపాలైతే, వాటి ప్రతుల కోసం మళ్ళీ మనుషులను పంపించి నిలిచి ఉన్నాడు.

ఆ వానరుడికి మూలం మన హనుమంతుడేనని చైనా పండితులలో హూ షీ వాదించాడు. లూ షున్ ఒప్పుకోలేదు, తమ దేశపు పాతకథలలోనే మూలం చూపించాడు. నేను ఈ వివాదంలో తలదూర్చను. నాకు ముఖ్యమనిపించినది వేరు. ఆటలో కనిపించే గుడులు, విగ్రహాలు చాలావరకు ఊహించి గీసినవి కావు. చైనాలోని షాంసీ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్న ప్రాచీన దేవాలయాలకు వెళ్ళి, స్తంభాలను, విగ్రహాలను యంత్రాలతో కొలిచి, వాటి రూపాలను ఆటలో నిలిపారు. ఆట ఆడిన యువకులు ఆ దేవాలయాలను చూడడానికి యాత్రకు బయలుదేరారట. మన లేపాక్షి స్తంభాలను, రామప్ప మదనికలను ఎవరైనా అంత శ్రద్ధతో కొలిచి ఒక కథలో నిలిపితే మన పిల్లలు కూడా బస్సెక్కుతారని నా నమ్మకం. మనవడితో అదే అన్నాను. "మీరు కథ వ్రాయండి తాతగారూ, నేను కొలుస్తాను" అన్నాడు.

పిల్లల ఆట అంటేనే భయపడే తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు. వారి భయం అకారణం కాదు. అదుపు తప్పి, చదువును, నిద్రను, మనుషులను విడిచి ఆటకే అంటుకుపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. అట్లాగే డబ్బు పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించినది. ఈ-స్పోర్ట్స్ అనే పోటీ ఆటలను అదే చట్టం వేరుగా గుర్తించినది. సభాపర్వం ఏటా చెప్పే మాకు ఈ విభజన కొత్త కాదు. ఇంట్లో యంత్రం ఉన్నవారు చూడవలసినది, పిల్లవాడు పిలిస్తే లేచి వస్తాడా, భోజనానికి కూర్చుంటాడా, మరునాడు బడికి వెళతాడా అన్నది. మావాడు వస్తాడు. రెండో పిలుపుకు.

ఇప్పుడు స్వత్వం దగ్గరకు వస్తాను. మా రెండో అబ్బాయి కుటుంబం అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. అక్కడి మనవడు ఇక్కడివాడితో, "నువ్వు ఆ ఆట పూర్తిచేశావు గదా, నాకు ఇచ్చెయ్" అన్నాడు. పుస్తకం చదివిన తరువాత తమ్ముడికి ఇచ్చినట్లు. ఇవ్వడానికి వీలులేదని తేలినది. ఒకే ఇంటివారు పంచుకునే ఏర్పాటు ఏదో ఉన్నదట. దేశం వేరైతే అదీ చెల్లదు. "డబ్బు పెట్టి కొన్నాను తాతగారూ! నాది కాదా?" అని వాడు నన్ను అడిగాడు. మంచి పూర్వపక్షం.

మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణ చాళుక్యుల రాజ్యంలో, ఆరవ విక్రమాదిత్యుని కాలంలో ఉన్నాడు. నేటి బసవకల్యాణ, మన తెలంగాణ సరిహద్దుకు ఆవల ఉన్నది. దాయవిభాగం చెప్పబోయే ముందు ఆయన ఆగి ఒక ప్రశ్న వేసుకున్నాడు: స్వత్వం అనేది శాస్త్రం చెబితేనే తెలిసేదా, లోకవ్యవహారం నుండే తెలిసేదా? లోకం నుండే అని ఆయన సిద్ధాంతం. శాస్త్రం పేరు కూడా వినని దూరదేశపు జనులు సైతం కొంటున్నారు, అమ్ముతున్నారు, ఇది నాది అది నీది అని వ్యవహరిస్తున్నారు గదా అని ఆయన చూపిన హేతువులలో ఒకటి. తరువాతివారు స్వత్వానికి లక్షణం చెబుతూ, ఇష్టం వచ్చినట్లు వినియోగించడానికి తగినది అన్నారు. అమ్మవచ్చు, దానం చేయవచ్చు, దాచవచ్చు, పిల్లలకు వదిలిపోవచ్చు.

ఈ గీటురాయిపై పెట్టి చూడండి. యంత్రం మనది. అమ్మగలము, ఇవ్వగలము. దానిలోని ఆట? అమ్మలేము, ఇవ్వలేము, వారసులకు వదలలేము. దుకాణం మనకు అమ్మినది ఆడుకునే అనుమతి మాత్రమే. ఇది నా ఊహ కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసినది, 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. ఇటువంటి డిజిటల్ వస్తువును అమ్మేవారు, ఇస్తున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా తెలపకుండా "కొనండి" అనే మాట వాడకూడదని ఆ చట్టం. వ్యాకరణం చదివినవాడిగా నాకు ఇది సంతోషం కలిగించినది. ఒక క్రియాపదం అర్థాన్ని కాపాడడానికి ఒక శాసనసభ కూర్చున్నది! అటువంటి చట్టం ఎందుకు కావలసి వచ్చినదంటే, ద క్రూ అని కార్ల పందెపు ఆట 2014లో వచ్చినది. డబ్బిచ్చి తీసుకున్నవారు తొమ్మిదేళ్ళకు పైగా ఆడారు. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సంస్థ తన సర్వర్లు ఆపివేసినది. ఆ ఆట నడవాలంటే ఆ సర్వర్లు ఉండాలి. కాబట్టి ఎవరి ఇంట్లోని ఆట ఆ ఇంట్లోనే నిలిచిపోయినది. యంత్రం ఉన్నది, డిస్కు ఉన్నది, ఆట లేదు.

మా మనవడికి ఇదంతా చెప్పాను. వాడు విని, కాసేపు ఆలోచించి, "అయితే మీ తాటాకులే నయం" అన్నాడు. అవును. గురువుగారు నా చేతిలో పెట్టినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు. ఆయన స్వత్వం వదులుకున్నారు, నాకు స్వత్వం కలిగినది. దానం అంటే శాస్త్రంలో ఈ రెండూ జరగాలి. ఇచ్చేవాడు తనది కాదనుకోవాలి, పుచ్చుకునేవానిది కావాలి. పాత కంప్యూటర్లను మన పాఠశాలకు ఇవ్వదలచిన దాతలు ఇది గుర్తుంచుకోండి. మీ సొంత సమాచారం తుడిచి, సంకేతపదాలు తీసివేసి, ఛార్జరుతో సహా ఇవ్వండి. మీ ఖాతాలో ఇంకా బంధించి ఉన్న యంత్రాన్ని ఇస్తే దానం సగమే జరిగినట్లు. విద్యార్థి దానిని తెరవనైనా తెరవలేడు.

ఇక నా ఇంటి సంగతి. వచ్చే ఆషాఢానికి మనవడు ఇంజనీరింగు కళాశాల హాస్టలుకు వెళతాడు. ల్యాప్‌టాప్ తనతో వస్తుందని వాడు అనుకున్నాడు. ఇంట్లో అందరూ అట్లాగే అనుకున్నారు. కోడలు, "మీరు చిన్నది ఒకటి పెట్టుకోండి మామగారూ" అన్నది, మర్యాదగానే. శాస్త్రప్రకారం అది నాది. ఎవరికైనా ఇచ్చే అధికారం నాకు ఉన్నది. కాని నా శిష్యులు దానిని ఇచ్చినప్పుడు సంకల్పం చెప్పారు: గురువుగారి గురువుగారి గ్రంథం పూర్తికావడానికి, అని. అన్నదానానికి ఇచ్చిన ద్రవ్యంతో గోపురానికి రంగు వేయిస్తే ఈ ధర్మకర్తలను మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. ఆ నియమం నాకూ ఉన్నది. గ్రంథం పూర్తి అయ్యేవరకు అది కదలదని చెప్పాను.

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారి నేను సంధ్య ముగించి వచ్చేసరికి బల్లముందు కూర్చుని ఉన్నాడు. ఆటకు కాదు. మిగిలిన పత్రాల చిత్రాలన్నింటినీ వరుసలో పెట్టి, వంకరగా వచ్చినవాటిని సరిచేసి, నేను ఒక మీట నొక్కితే తరువాతి పత్రం అదే కొలతలో వచ్చేటట్లు అమర్చి పెట్టాడు. "మీరు తొందరగా పూర్తిచేయాలిగా" అన్నాడు. వాడి స్వార్థం, నా గురువుగారి ఆజ్ఞ ఒకే దారిలో నడవడం మొదలుపెట్టాయి.

ఈ ఉదయానికి 71 పత్రాలు అయినవి. 41 ఉన్నవి. నా కన్ను ఒక పత్రానికి నాలుగు రోజులు తీసుకుంటున్నది. అంటే 164 రోజులు. ఆషాఢం రావడానికి ఎనిమిది నెలల పైన ఉన్నది. లెక్క సరిపోతుంది, కుడికన్ను ఇట్లాగే ఉంటే. వచ్చే వారం వైద్యులు మళ్ళీ రమ్మన్నారు. రేపు సాయంత్రం, ఈ రోజు జరపవలసిన ప్రవచనం ఇదే సమయానికి ఉంటుంది. ప్రశ్నల పెట్టె మండపం తూర్పుద్వారం ప్రక్కనే ఉన్నది. చీటీలు కాస్త పెద్ద అక్షరాలతో వ్రాయవలసినదిగా మనవి.